రెక్కచొక్కా

మా అమ్మ సుంకులమ్మకు కన్నకొడుకు తర్వాత ఇష్టమైనది ఫ్యాను. వరసలో నేనే ముందున్నానని మర్యాద కోసం చెప్పుకుంటున్నాను గానీ, నడివేసవిలో అడిగితే ఆమె ఫ్యాను పేరే ముందు చెబుతుంది. అలాంటి మనిషి ఆ ఎండాకాలమంతా ఫ్యాను వేసుకోకుండా గడిపింది. కరెంటు లేక కాదు. మా కిటికీ తెరిస్తే ఎర్రమెట్ట పొడుగునా గాలిమరలు కనిపిస్తాయి. వాటిని నడిపే కంట్రోల్ రూములో నేనే ఇంజనీరుని. సగం జిల్లాకు కరెంటు పంపే మద్దిలేటి ఇంట్లో ఫ్యాను తిరగదట అని క్వార్టర్సులో అందరూ నవ్వుకునేవాళ్ళు.

కారణం నా భార్య తుంగభద్ర. ఫ్యాను తిరుగుతుంటే ఆమె ఆ గదిలో ఉండలేకపోయేది. రెక్కల నీడ నేల మీద ఆడితే చాలు, మెడ లోపలికి లాక్కుని, చేతులు ఒంటికి అదుముకుని, గోడవారగా బయటికి జారుకునేది. ఒకసారి అమ్మ మరిచిపోయి స్విచ్ వేసింది. భద్ర ముద్ద నోట్లో పెట్టుకోబోతూ కంచం వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది.

"ఏమైందిరా ఈ పిల్లకు?" అని అమ్మ నన్ను నిలదీసింది.

"పిట్టగాలి అలవాటైందమ్మా ఒంటికి."

"పిట్టగాలి ఏందిరా? దయ్యం గాలి అంటే నాకు అర్థమైతాది గానీ."

ఆ పిట్టగాలి సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

నందికొట్కూరు దాటి పోతే ఎర్రమెట్టకు ఇవతల జొన్నలబీడు అని మోకాలెత్తు గడ్డి పెరిగే నేల ఉంది. ఆ గడ్డిలో ఒక బట్టమేక ఉండేది. పేరు విని మేక అనుకునేరు, పిట్టే. మనిషి నడుము ఎత్తుంటుంది, నెత్తిన నల్లటి టోపీ, తెల్లటి మెడ, ఎగిరే పిట్టల్లో అంత బరువున్నవి అరుదు. నాలుగడుగులు వేసి ఆగి, తల ఎత్తి పొలం గట్లన్నీ పరకాయించి చూసి, మళ్ళీ నాలుగడుగులు వేస్తుంది. అందుకని మేము దాన్ని కరణంగారు అనేవాళ్ళం. ఆ చుట్టుపక్కల మిగిలిన మగ బట్టమేక అదొక్కటే. ఆడపిట్టలు మూడో నాలుగో మెట్టకు అవతల సోముల బయలులో ఉండేవి. ఏటా తొలకరి పడగానే కరణంగారు మెట్ట దాటి వాటి దగ్గరికి పోయేవాడు. ఆయన పోకపోతే ఇక ఆ నేల మీద బట్టమేక గుడ్డు పడదు.

మధ్యలో మా గాలిమరలు నిలబడ్డాయి.

భద్ర పక్షుల శాస్త్రవేత్త. ఒకే ఇంట్లో గాలి పార్టీ నేను, పిట్టల పార్టీ ఆవిడ. అంతకు ముందు ఏడు ఒక ఆడపిట్ట ఏడో నంబరు మర కింద రెక్క తెగి పడి ఉంటే, భద్ర దాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి కంట్రోల్ రూములో నా బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో మాటలన్నీ అమ్మ మీదుగా నడిచాయి. "మీ కొడుకును ఉప్పు ఇటియ్యమనండి అత్తా" అన్న లెక్కన. ఆ కోపం నాకు న్యాయంగానే అనిపించింది. కాకపోతే మరలు ఆపితే ఆ కరెంటు కోసం ఇంకెక్కడో బొగ్గు కాల్చాలి, ఆ పొగ పిట్టలకు మాత్రం మంచిదా అని నా వాదం నాకుంది.

కెమెరాలు పెట్టి చూశాం. ఎర్రమన్ను దుమ్ములో అవి గుడ్డివైపోయేవి. పోనీ పిట్టే చూసుకుని తప్పుకుంటుందంటే, బట్టమేక కళ్ళు తలకు రెండు వైపులా ఉంటాయి. ఎగిరేటప్పుడు దించిన తల దించినట్టే ఉంచి నేలను చూస్తుంది. పక్కనున్నవీ కిందున్నవీ అన్నీ కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది తప్ప. మా కంపెనీ డైరెక్టరు చూపూ అలాంటిదేనని భద్ర అనేది.

"కంటికి కనపడకపోతే ఏమక్కా, ఒంటికి తెలుస్తాది కదా" అంది హసీనా.

భద్రతో కలిసి పనిచేసే హసీనాది కర్నూలు పాతబస్తీ. సన్నటి పరికరాలు చెయ్యడంలో ఆమెకు ఆమే సాటి, మాటల్లో మాత్రం సన్నం లేదు. ఆమె చేసినదే రెక్కచొక్కా. కరణంగారిని వల వేసి పట్టుకుని, ఎద మీదా రెక్కల కిందా ఈకల మొదట్లో వెంట్రుకంత పట్టీలు అతికించి వదిలారు. గాలి ఎక్కడ ఎంత నొక్కుతోందో ఆ పట్టీలు చెబుతాయి. చొక్కా లోపల ఆవగింజంత గాలిబుడగలు వేలకొద్దీ ఉంటాయి. పిట్ట ఒంటి మీద గాలి నొక్కిన చోటే, నొక్కినంతే, చొక్కాలో బుడగ ఉబ్బుతుంది. చొక్కా తొడుక్కున్న మనిషికి పిట్ట మీది గాలి తగులుతుంది.

చలికాలంలో ఒక పొద్దున కంట్రోల్ రూమును ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో భద్ర మొదటిసారి చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చుంది. మేము ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. బీడులో కరణంగారు ఎంతకీ లేవడు. మిడతలు ఏరుకుంటున్నాడు. "ఈయన టిఫిన్ అయ్యేదాకా మనకు పని లేదు" అని హసీనా టీ పోసుకుంది. అంతలో భద్ర చేతులు రెండూ వాటంతటవే పక్కలకు లేచాయి.

"లేచినాడు" అంది.

కళ్ళు మూసుకుంది. ముఖంలో రంగు మారిపోయింది.

"గాలికి మెట్లుండాయి మద్దీ. నిజంగా మెట్లే. గడ్డి మీద గాలి చల్లగా, కిందికి జారుతాండాది. ఇప్పుడు దున్నిన చేను మీదికి వచ్చినాడు. అడుగు నుంచి వేడిగాలి భుజం ఇస్తాండాది, రెక్క కొట్టే కష్టం సగమైపాయె. అరె, కంచె దగ్గర ఒక సన్నటి కాలవ మాదిరి గాలి ఉంది, దాంట్లోకి సరిగ్గా దిగినాడు చూడు."

ఆమె నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియడం లేదు. హసీనా టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను గాలి మీద బతికేవాణ్ణి. దాని వేగం, దిక్కు, ఒత్తిడి రోజూ తెర మీద చూసేవాణ్ణి. అది ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఆ పొద్దున నాకు భద్ర మీద కలిగిన అసూయ ఇంతా అంతా కాదు.

అప్పుడే ఆమె ఒక్కసారిగా ఉలిక్కిపడి స్టూలు మీంచి పడబోయింది.

"మర చిమ్మే గాలిలో పడినాడు. రాళ్ళబాటలో బండి ఎక్కినట్లుంది. గాలంతా ముక్కలు ముక్కలు."

కరణంగారు మలుపు తిరిగి బీడులోకి వచ్చేశాడు. హసీనా మాత్రం భద్ర ఉలికిపాటునే పట్టుకుంది. చొక్కా ఆ ఉలికిపాటును కూడా కొలిచి తెర మీద గీతగా గీసింది. మర రెక్కలు దగ్గరయ్యే ముందే గీత లేచింది.

"పిట్ట మనసు చదవడం మన చేతకాదన్నా. అక్క ఒళ్ళు ఉలిక్కిపడితే కొలవడం చేతనవుతాది. ఆ ఉలికిపాటును నేరుగా నీ మరల బ్రేకులకు కలిపేస్తే?"

కలిపేశాం. భద్ర ఒళ్ళు జలదరిస్తే పిట్ట దారిలో ఉన్న మర ఒక్కటే నెమ్మదించేది, పిట్ట దాటగానే మళ్ళీ తిరిగేది. మొదటిసారి అలా జరిగిన రోజు నేను కుర్చీలోంచి లేచి గెంతాను. మొత్తం మరలు ఆపే పని లేదు, పిట్ట చచ్చే పని లేదు. మా ఇంట్లో రెండు పార్టీలూ ఆ రోజు కలిసి బిర్యానీ తిన్నాయి.

కానీ మనిషిని జన్మంతా చొక్కాలో కూర్చోబెట్టలేం కదా. అందుకని హసీనా ఒక యంత్రాన్ని తయారు చేసింది. గాలి ఇలా ఉన్నప్పుడు అక్క ఇంత ఉలిక్కిపడింది, అలా ఉన్నప్పుడు అంత అని అది రోజూ చూసి నేర్చుకుంటుంది. అక్క దగ్గర నేర్చుకుంటోంది కాబట్టి దానికి చెల్లి అని పేరు పెట్టాం. నేర్చుకోవడం పూర్తయ్యాక భద్ర చొక్కా విప్పేస్తుంది, చెల్లి చూసుకుంటుంది. అదీ మా ఏర్పాటు.

చెల్లికి చదువు ఎక్కుతున్నకొద్దీ భద్రకు మనుషుల లోకం దూరమవుతూ వచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి ఫ్యాను గొడవ మొదలైంది. మేడ మీదికి పోయి గాలికి ఎదురుగా నిలబడి గంటలకొద్దీ ఉండిపోయేది. వాన ఏ వైపు నుంచి వస్తుందో చెప్పేది, తప్పేది కాదు. అది ముచ్చటే. రాత్రి నా చెయ్యి ఆమె వీపు మీద పడితే మాత్రం నిప్పు తగిలినట్టు లేచి కూర్చునేది. "నీ మీద కోపం కాదు. తగిలిందంటే గుద్దుకున్నట్లే ఉంటాది" అని ఏడ్చేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేము ఎన్నోసార్లు పోట్లాడుకున్నాం, ఎన్నడూ ఇంత దూరం పడుకోలేదు.

కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆమె చేతి మీద దూదితో, సూదితో, వేలితో ముట్టి చూశాడు.

"ఒళ్ళు పిట్ట పద్ధతికి మారుతోందమ్మా. ఇప్పుడు ఆపితే మెల్లగా తిరిగి వస్తుంది. ఆపి, కోలుకునే దశలో మళ్ళీ వేసుకుంటే మాత్రం నేను మాట ఇవ్వలేను" అన్నాడు.

"తొలకరి లోపల ఆపేస్తాను" అని భద్ర ఒప్పుకుంది.

ఆ ఎండల్లో రేకుల షెడ్డు ఇటుకబట్టీలా కాగేది. అక్కడి ఫ్యాను ఎప్పుడో పీకేశాం. అమ్మ ఊరుకోలేకపోయింది. మధ్యాహ్నం కాగానే మజ్జిగ చెంబు ఒక చేత్తో, తాటాకు విసనకర్ర ఇంకో చేత్తో పట్టుకుని వచ్చి, భద్ర వెనక పీట వేసుకుని కూర్చునేది. ఇంట్లో ఫ్యాను కోసం కోడలితో పోట్లాడిన మనిషే, ఇక్కడ చెయ్యి మార్చి చెయ్యి విసిరేది. విచిత్రంగా ఆ గాలి ఒక్కటే భద్రకు పడింది. "మీ గాలికి తొందర ల్యాదత్తా" అనేది. కోడలు వణికితే అమ్మ ఇంకా గట్టిగా విసిరేది. "అయిపాయె, అయిపాయె, ఏం కాదులే" అని గొణుక్కుంటూ విసిరేది. ఆ దృశ్యం చూస్తే నా కడుపు నిండిపోయేది.

మొదటి మబ్బులు కనిపించగానే భద్ర చొక్కా విప్పేసింది. మొదటి రోజులు పిచ్చెక్కినట్టు తిరిగింది. తిండి సయించలేదు. మెల్లగా దారిలో పడింది. ఒక సాయంత్రం అరుగు మీద నా పక్కన, భుజానికి భుజం ఆనీ ఆనకుండా కూర్చుంది. నేను కదిలితే లేచిపోతుందేమోనని దోమ కుట్టినా కదల్లేదు. నాకు నా భార్య తిరిగి వస్తోందన్న సంతోషం అంతా ఇంతా కాదు.

అప్పుడు చెల్లికి పరీక్ష మొదలైంది. షరతులు పైవాళ్ళు పెట్టారు. పరీక్ష జరిగినన్నాళ్ళూ మనిషి చెయ్యి మరల మీద పడకూడదు. చెల్లి, చొక్కా, పిట్ట, అంతే. చెల్లి గెలిస్తే పిట్టలున్న ప్రతి మెట్ట మీదా దాన్ని పెడతారు. ఓడితే కరణంగారిని పట్టుకుపోయి బోనులో పెంచుతారు, బీడు కూడా మరలకే. కరణంగారు ఈలోగా చచ్చిపోతే ఇక బోనుకూ పని లేదు.

మొదట్లో చెల్లి అదరగొట్టింది. కరణంగారు అంచున తిరిగితే అంచు మర నెమ్మదించేది. హసీనా చెల్లి తెరకు దిష్టిచుక్క కూడా పెట్టింది. తర్వాత ఒక ఉదయం కరణంగారు ఏడో మర దగ్గరికి పోయాడు. నేను కిటికీలోంచి దూరదర్శినితో చూస్తున్నాను. పిట్ట గాలిలో ఎగిరెగిరి పడుతోంది, గాలి దాన్ని చేటలో బియ్యంలా చెరుగుతోంది. చెల్లి తెర మీద మాత్రం పచ్చదీపం. ఏడో మర నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతూనే ఉంది. రెక్క కొస పిట్ట తోక పక్కగా పోయింది. ఒక ఈక ఊడి తిరుగుతూ కిందికి దిగింది.

నేను హసీనాను కేకేశాను.

హసీనా పాత గీతలన్నీ తీసి తెర మీద పరిచింది. భద్ర వచ్చి వెనక నిలబడింది. మర దగ్గరయ్యేకొద్దీ గీత లేస్తోంది. గాలి మరీ చెడ్డ చోటికి రాగానే, ఎంత లేవాలో అంత లేవకుండా, పడిపోతోంది. ఒక రోజు కాదు, ఎండాకాలమంతా అంతే.

"ఇదేందక్కా? చచ్చేంత గాలిలో నువ్వు నెమ్మదించినావు?"

భద్ర గీత పడిపోయిన చోట వేలు పెట్టింది. "ఆ టైములో నాకు హాయిగా ఉండేది" అంది మెల్లగా. "ఎందుకో..." అని ఆగిపోయింది.

మజ్జిగ చెంబుతో అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. మేము ముగ్గురం ఒకేసారి అటు తిరిగాం. ఆమె చేతిలో విసనకర్ర ఉంది.

గాలి ఎంత చెడితే భద్ర అంత వణికింది. భద్ర ఎంత వణికితే అమ్మ అంత గట్టిగా విసిరింది. అమ్మ విసిరేకొద్దీ భద్ర నెమ్మదించింది. అదంతా చూసి చెల్లి ఏం నేర్చుకుందంటే, గాలి అన్నిటికంటే చెడ్డగా ఉన్న చోట భయపడాల్సిన పనే లేదని. చిన్న ప్రమాదానికి ఉలిక్కిపడుతుంది, పెద్ద ప్రమాదానికి పచ్చదీపం వేస్తుంది. చదువుకున్న వాళ్ళం ముగ్గురం రోజూ మజ్జిగ తాగుతూ ఆ విసనకర్రను చూశాం, మాలో ఒక్కరికీ తట్టలేదు.

"నేనేం చేసినాను రా? పిల్ల వణుకుతాంటే విసిరినాను. అంతే కదా?" అంది అమ్మ.

"మీ తప్పేం లేదత్తా" అంది భద్ర.

"ఆ విసురు తీసేసి లెక్క సరిచెయ్యలేవా?" అని హసీనాను అడిగాను.

"అమ్మ ఎప్పుడు ఎంత విసిరిందో కొలత ఉంటే తీసేద్దును. లేదు. పెద్ద గాలిలో అసలు ఉలికిపాటు ఎంతో చెల్లికి ఒక్కసారైనా చూపించాల."

బయట ఆకాశం నల్లబడుతోంది. మెట్ట మీంచి తడిమన్ను వాసన వస్తోంది. తొలకరి పడిందంటే కరణంగారు ఇక ఆగడు.

"మరలన్నీ నేనే ఆపేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ" అన్నాను.

"ఎంతసేపు ఆపుతావు? ఆయన ఈ గంటకు లేస్తాడో, రేపు లేస్తాడో. చెయ్యి పెట్టినావంటే పరీక్ష పోయినట్లే. బోను కూడా సిద్ధంగా ఉంది" అంటూ భద్ర గోడకు వేలాడుతున్న చొక్కా దగ్గరికి నడిచింది. "చొక్కాకు అనుమతి ఉంది కదా. నేను వేసుకుంటే చెల్లి నా మాటే వింటాది."

"డాక్టరు ఏమన్నాడో మరిచిపోయినావా?"

"మరిచిపోలే."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ పిట్ట మీదా, ఆ మరల మీదా, నా చదువు మీదా. "నువ్వు తిరిగి రాకపోతే నేనేం కావాల?" అని అడిగేశాను. ఆమె నా వైపు చూసింది. మళ్ళీ పిట్టగాలి తగలబోతోందన్న ఆత్రం ఆ కళ్ళలో కనిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మద్దీ, నీ కుర్చీలో కూర్చో" అంది.

కూర్చున్నాను. అక్కడి నుంచి తలుపులోంచి షెడ్డంతా కనిపిస్తుంది.

తొలి చినుకులు రేకుల మీద పడ్డాయి. భద్ర స్టూలు ఎక్కింది. అమ్మ అలవాటుగా పీట లాక్కోబోయి ఆగిపోయింది. విసనకర్ర తీసి వాకిలి బయటికి గిరాటేసి, మూలకు పోయి చేతులు కట్టుకుని నిలబడింది.

"లేచినాడు" అంది భద్ర.

బీడు మీద తెల్లటి మెడ పైకి లేచింది. బరువుగా, నిదానంగా, రెక్క మీద రెక్క కొట్టుకుంటూ మెట్ట వైపు వస్తున్నాడు. వెనక నుంచి వానగాలి తోస్తోంది. భద్ర చేతులు చాపి ఉంది. "చల్లటి గాలి. బరువుగా ఉండాది. తోస్తాండాది, బాగా తోస్తాండాది" అంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ ఒళ్ళు పొంగింది, ఆ పరిస్థితిలో కూడా.

ఆరో మర దగ్గర గీత లేచింది. ఆరు నెమ్మదించింది. పిట్ట దాన్ని దాటి ఏడు వైపు వాలింది. గాలి మెట్టకు కొట్టుకుని పైకి తన్ని, మరల మధ్య పడి నుజ్జునుజ్జవుతోంది. భద్ర నోట్లోంచి కేక వచ్చింది. అలాంటి కేక నేను ఎన్నడూ వినలేదు. చేతులు ఒంటికి అతుక్కుపోయాయి, తల వెనక్కి వాలింది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. గీత తెర పైఅంచు దాకా పోయింది. ఏడో మర రెక్కలు అంచు తిప్పుకుని గాలి వదిలేసి, నెమ్మదించి, నిలబడిపోయాయి.

అమ్మ మూలలోంచి ఒక అడుగు ముందుకు వేసింది. చేతులు ముందుకు వచ్చేశాయి.

"రావద్దత్తా" అంది భద్ర, పళ్ళ మధ్య నుంచి. "నన్ను ఊరుకోబెట్టొద్దు."

అమ్మ ఆగింది. రెండు చేతులూ వెనక్కి తీసుకుని వాకిలి ద్వారబంధాన్ని పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. జన్మలో ఎవరు ఏడ్చినా పోయి వీపు నిమిరే మనిషి, కళ్ళెదుట కోడలు గిలగిల కొట్టుకుంటుంటే అలా చూస్తూ నిలబడింది. ఆ రోజు మా అందరిలోకీ కష్టమైన పని చేసింది ఆమేనని ఇప్పటికీ నా నమ్మకం.

"ఎనిమిది" అని అరిచింది హసీనా. ఎనిమిది నిలిచింది. పిట్ట రెండింటి మధ్య ఊగుతూ, పడుతూ, లేస్తూ పోతోంది. దూరదర్శినిలో ఆయన తడిసిన ఈకలు కూడా కనిపిస్తున్నాయి. మిగతా మరలన్నీ తిరుగుతూనే ఉన్నాయి. సగం జిల్లాలో ఏ ఇంట్లోనూ లైటు కూడా మిణుకుమనలేదు.

ఇంకా తొమ్మిది ఉంది. అన్నిటికంటే ఎత్తైన చోట ఉన్నది అదే.

నేను భద్ర గీత కోసం చూస్తున్నాను. అది ఇంకా లేవలేదు. తొమ్మిదో మర అప్పటికే నెమ్మదిస్తోంది. నాకు అర్థం కాలేదు. చేతులు ఎత్తి చూపించాను, నేను ముట్టుకోలేదని. హసీనా తెరకు ముఖం ఆనించి చూసి, మెల్లగా అంది.

"అక్కా, చెల్లి నీకంటే ముందు ఉలిక్కిపడింది."

ఆ మరుక్షణం భద్ర గీత లేచింది. చెల్లి గీత పక్కనే, అంతే ఎత్తున, ముందుగా లేచి ఉంది. తొమ్మిది నిలబడింది. కరణంగారు దాని ముందు నుంచి ఏ తొందరా లేకుండా, నేలను పరకాయిస్తూ, మెట్ట దాటి అవతలికి పోయాడు. హసీనా, నేనూ ఒకరినొకరం గట్టిగా పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. కుర్చీ పడిపోయింది. నేను ఏం అరిచానో నాకే గుర్తు లేదు.

"దిగినాడా? సరిగ్గా దిగినాడా?" అని అమ్మ ద్వారబంధం వదలకుండానే అడుగుతోంది.

భద్ర కళ్ళు తెరవలేదు. ఊపిరి ఇంకా ఎగపోస్తోంది. "దిగుతాండాడు. గడ్డి తగిలింది, తడిగా ఉండాది. నిలబడినాడు." చిన్నగా నవ్వింది. "పక్కన ఎవరో ఉండారు. గాలికి అడ్డం వచ్చినారు."

వాన జోరందుకుంది. ఆమె అలా కూర్చునే ఉంది. ఇక చొక్కా విప్పాలి, విప్పడం లేదు. బుడగలు ఆమె ఒంటి మీద మెల్లగా కదులుతుంటే ఆమె ముఖం మళ్ళీ ఆ మొదటి పొద్దుటి ముఖమైంది. నాకు గుండెలో దిగులు మొదలైంది.

చివరికి తనే గుండీలు విప్పుకుంది. చొక్కా మడత పెట్టి కాసేపు ఒళ్ళో పెట్టుకుని, హసీనాకు అందించింది.

"కర్నూలు తీసుకపో. యాడ పెట్టినావో నాకు చెప్పొద్దు. రేపు నేనే వచ్చి అడిగినా ఇయ్యొద్దు."

"సరే అక్కా."

భద్ర స్టూలు దిగబోయి తూలింది. నేను ఆలోచించకుండా వెళ్ళి వీపు మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. ఆమె ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది, ఏడో మర దగ్గర జలదరించినట్టే. నిప్పు తాకినట్టు నేను చెయ్యి తీసెయ్యబోయాను.

"తియ్యొద్దు" అంది, పళ్ళు బిగించి. "ఎంత ఉలిక్కిపడినా తియ్యొద్దు. నేను నేర్చుకోవాల."